ఊడ్పు పలక తగిలించిన కారు

ష్టుట్‌గార్ట్, హెస్లాఖ్ పేట
ఫిబ్రవరి 9

ఆయిగెన్‌కి,

పదకొండేళ్ళ తర్వాత నీకు ఉత్తరం రాస్తున్నాను, అదీ ఒక కారు గురించి. ఆశ్చర్యపోవడం అయ్యాక మిగతాది చదువు.

మా ఇంటి యజమాని, వకీలు ష్టోల్ గారు, క్రిస్మస్ ముందు కాలం చేశారు. వీలునామాలో ఇల్లు మేనల్లుడికి రాశారు. తన నల్ల కారు మాత్రం "మెట్లను అద్దంలా ఉంచిన ఆరు వాటాల వారికి ఉమ్మడిగా" అని రాశారు. ఆ బండి నీకు గుర్తుండే ఉంటుంది. పొడుగాటిది, తోలు సీట్లు, తలుపు కాస్త చేరవేస్తే మిగతాది దానంతటదే మూసుకుంటుంది. వెనక సీటు మీట నొక్కితే నడుము పిసుకుతుంది. ఇప్పటికి నాలుగు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది.

ఉమ్మడి సొత్తు అనగానే మనవాళ్ళకు తెలిసిన పద్ధతి ఒక్కటే, ఊడ్పు పలక. ఆ పలక ఎవరి తలుపుకి వేలాడుతుంటే ఆ వారం మెట్లు, వాకిలి, చెత్తడబ్బాలు వాళ్ళవి. ఇప్పుడు కారు కూడా. వాటాకి రెండు వందల యూరోల చొప్పున ఏడాదికి పన్నెండు వందలు పోగుచేశాం. అంతకు మించి ఈ ఇంట్లో ఎవరి జేబులోంచీ చిల్లిగవ్వ రాలదు, నీకు తెలియనిది కాదు.

నువ్వు నలభై ఏళ్ళు ఇలాంటి బండ్లే బాగుచేశావు. అంత పనివాడివి కార్లను అడుగే పెట్టనివ్వని దీవికి పోయి ఎందుకు కూర్చున్నావో ఆ దేవుడికే తెలియాలి. ఏ పని ముందు చేయించాలి, ఏది తర్వాత, ఏది అసలక్కర్లేదు, రాసి పంపు.

ఎందుకంటే, సెప్టెంబరు 14న నీకు డెబ్భై నిండుతాయి. ఈ బండిలో నిన్ను చూడ్డానికి రావాలని ఉంది. ఓడరేవు దాకా ఏడు వందల కిలోమీటర్లు. నా తుంటి నాలుగు రైళ్ళు మారనివ్వదు, ఆ వెనక సీటుకైతే ఒప్పుకుంటుంది. సర్వీసంతా అయిపోయి, తనిఖీలో నెగ్గితేనే బండిని ఊరు దాటనిస్తామని ఆరు వాటాలూ తీర్మానించాయి.

హెడ్విగ్

•

యూస్ట్ దీవి
మార్చి 1

గౌరవనీయులైన హెడ్విగ్ గారికి,

మీ ఉత్తరం అందింది. వకీలుగారు పోయినందుకు విచారిస్తున్నాను. ఆ రోజు విరిగిన ఆయన మణికట్టు తర్వాత సరిగ్గానే అతుక్కుందని ఆశిస్తున్నాను.

బాగా తిరిగిన ఖరీదైన బండి, చేతిలో డబ్బు తక్కువ. ఇలాంటప్పుడు సూత్రం ఒకటే. ముందు బండిని ఆపేవి, తర్వాత నడిపించేవి, ఆఖరున మురిపించేవి. బ్రేకు పలకలు ఎంత అరిగాయో చూపించండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళు దాటితే మార్చండి, అది తేమ పీలుస్తుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, అది ఎనిమిదేళ్ళ కిందటిదైతే పైకి కొత్తగా కనబడినా నమ్మకండి. ఇంజన్ ఆయిలు, దాని ఫిల్టరు పదివేలకొకసారి. బెల్టు, నీళ్ళ పంపు ఒకేసారి మార్పించండి. విప్పిన కూలీ ఒకటే కాబట్టి అక్కడ డబ్బు మిగులుతుంది. కూలెంట్ గొట్టాలు వేళ్ళతో నొక్కి చూస్తే పగుళ్ళు తెలుస్తాయి.

అద్దాల షోరూముకి వెళ్ళకండి. కాఫీ ఉచితంగా ఇచ్చి దాని ఖరీదు బిల్లులో కలుపుతారు. ఇవే బండ్లు తెలిసిన చిన్న షెడ్డు పట్టుకోండి. నడుము పిసికే సీటు గురించి మాత్రం ఈ ఏడాది ఎవరూ నోరెత్తకూడదు.

ఇట్లు,
ఆయిగెన్ బుర్క్‌హార్ట్
విశ్రాంత మోటారు మేస్త్రీ

•

హెస్లాఖ్
మార్చి 24

ఏరా ఆయిగెన్,

నేను గౌరవనీయురాలినా? నీ ముక్కు తుడిచిన చేత్తోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ కాగితం మెట్ల దగ్గర గోడకి అంటించాం. అందరూ కళ్ళకద్దుకున్నారు. కానీ అది వచ్చేలోపే జరగాల్సింది జరిగిపోయింది. మొదటి వారం పలక ఫ్లైడరర్ గారిది. రెండో అంతస్తులో, నువ్వు ఖాళీ చేసిన వాటాలోకి వచ్చిన లెక్కల మాస్టారు. ఆయన ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూసి, గీతకి వెంట్రుకవాసి తక్కువుందని పావు లీటరు పోశారు. రెండో వారం వాళ్ళకి ఆ సంగతి తెలిసింది. తమ వారంలో ఏమీ చేయలేదన్న మాట రాకూడదని వాళ్ళూ పావు పోశారు. అలా ఆరు వాటాలూ పోశాయి. ఇప్పుడు పుల్ల ఎక్కడ పట్టుకున్నా ఆయిలే.

నేను నా వారంలో టైర్లకి మెట్ల మైనం రుద్దాను. తళతళలాడాయనుకో. తర్వాత నాలుగో అంతస్తు ఐసెల్ బండిని వాకిట్లోంచి బయటికి తీయబోయింది. ఆసుపత్రిలో నర్సు, ఇక్కడే పుట్టి పెరిగింది, ఊడ్పు విషయంలో మా అందరి కంటే నిక్కచ్చి మనిషి. బండి వాలు ఎక్కకుండా, అరంగుళం అరంగుళం వెనక్కి జారి, చెత్తడబ్బాల మీద ఆనుకుని కూర్చుంది. డబ్బాలకే సొట్ట పడింది.

ఇంతవరకూ అది రోడ్డెక్కలేదు. ఎక్కితే దుమ్ము పడుతుంది, ఆ దుమ్ము ఎవరి వారానిదో తేలదు. పైగా ఊరికే బ్యాటరీ పడిపోతోంది. దొంగని నిన్న నేనే పట్టుకున్నాను.

"ఫ్లైడరర్ గారూ, మళ్ళీ ఆ సీట్లో కూర్చున్నారా?"

"కూర్చోలేదమ్మా, పనిచేస్తుందో లేదో పరీక్షిస్తున్నాను."

"గంటన్నర సేపా?"

"రెండు వైపులా చూడొద్దూ మరి?"

ఇప్పుడేం చేయమంటావు? ఇంకో మాట. నేను వస్తానని రాశాను. నువ్వు దానికి అవుననలేదు, కాదనలేదు.

హెడ్విగ్

•

యూస్ట్ దీవి
ఏప్రిల్ 15

అక్కా!

లీటరున్నర ఎక్కువ! నీ ఉత్తరం చదివి నేను కుర్చీలోంచి లేచి మళ్ళీ కూలబడ్డాను. ఎవర్నీ స్టార్టు చేయనివ్వకు. ఎక్కువైన ఆయిలు నురగొచ్చి సీళ్ళన్నీ తన్నేస్తుంది. ముందు దాన్ని దింపించు. పుల్లని తీసి నీ దిండు కింద పెట్టుకో. టైర్ల మైనం పోవడానికి వేణ్ణీళ్ళు, సబ్బు, గట్టి బ్రష్షు. ఆ సీటుకి ఫ్యూజు ఉంటుంది, పీకేసి మాస్టారికి చెప్పకండి.

బండిని కడగడం ఆపండి, నడపండి. వారానికి కనీసం పాతిక కిలోమీటర్లు. నిలబెట్టిన బండి తిరిగిన బండికంటే త్వరగా పాడవుతుంది. పలక ఎవరి తలుపుకుంటే వాళ్ళు పాతిక కిలోమీటర్లు తిప్పాలని రూలు పెట్టు. రూలంటే మీవాళ్ళు కాదనరు.

నేనిక్కడ హిన్నెర్క్ అనే ఆయన దగ్గర గుర్రబ్బళ్ళు చూసుకుంటున్నాను. ఈ దీవిలో సామానంతా గుర్రాల మీదే. నాకు అలవాటు పోక గుర్రానికి కూడా సర్వీసు పుస్తకం పెట్టాను. ఆరు వారాలకి నాడాలు, ఏడాదికి పళ్ళు, ఇరుసులకి గ్రీజు. హిన్నెర్క్ నవ్వాడు గానీ గుర్రం ఏమీ అనలేదు.

మరిచాను, గేర్‌బాక్స్ ఆయిలు. జన్మలో మార్చక్కర్లేదని పుస్తకంలో ఉంటుంది. ఎవరి జన్మో అందులో రాయరు. అది కూడా మార్పించు. అది మార్చనిదే దూరం పోకూడదు. సెప్టెంబరులో ఇక్కడ గాలులెక్కువ, పడవలు కూడా సరిగ్గా తిరగవు.

ఆయిగెన్

•

హెస్లాఖ్
మే 30

తమ్ముడూ,

ఆయిలు దింపించాం. బెల్టు, పంపు, బ్రేక్ ఆయిలు, గేర్‌బాక్స్ ఆయిలు, కొత్త బ్యాటరీ, అన్నీ అయ్యాయి. షెడ్డతను కూలీ బేరం ఒప్పుకోలేదు గానీ నేను పంపిన మౌల్టాషెన్ కుడుముల గిన్నె చూసి గొట్టాల ఖరీదు వదిలేశాడు. చేతిలో నూట డెబ్భై మిగిలాయి.

పాతిక కిలోమీటర్ల రూలు బ్రహ్మాండంగా నడుస్తోంది. మరీ బ్రహ్మాండంగా నడుస్తోంది. ఫ్లైడరర్ గారు బండి ఎక్కేముందు బూట్లు విప్పి, మేజోళ్ళతో నడుపుతారు. ఇంటి చుట్టూ యాభై ఏడు సార్లు తిరిగితే సరిగ్గా పాతికవుతుందట, అందుకని వీధి మలుపు దాటరు. మూడో చుట్టుకే పోలీసులు ఆపారు.

"ఏం వెతుకుతున్నారు సార్?"

"ఏమీ లేదు బాబూ. మా ఇంటి చుట్టూ తిరుగుతున్నాను. నా వారం."

ఆ పోలీసూ ఈ ఊరివాడే. పోనిచ్చాడు.

ఆయిగెన్, నేను డెబ్భై ఆరేళ్ళదాన్ని. పదకొండేళ్ళ కిందట, నీ వారంలో మంచు తీయలేదని, వకీలుగారు జారిపడ్డారని, మెట్ల మీద అందరి ముందూ నిన్ను నానా మాటలూ అన్నాను. వీడు నా తమ్ముడని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉందని కూడా అన్నాను. పలక తెచ్చి నీ తలుపుకి మళ్ళీ మేకు కొట్టాను. నువ్వు మంచు కరిగేలోపు వెళ్ళిపోయావు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. దాన్ని ఉత్తరంలో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి. అందుకే వస్తానంటున్నాను. జులైలో తనిఖీ.

అక్క

•

యూస్ట్ దీవి
జూన్ 20

అక్కా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను.

తొందరపడకు. చక్రాల బేరింగులు చూపించావా? వేగం పెరిగితే మూలుగు వినబడుతుంది. స్టీరింగు కింద రబ్బర్లు కూడా. వెనక అద్దం తెర మోటారు కూడా చూపించు. రాత్రి కళ్ళలో వెలుగు పడితే ప్రమాదం. అయినా నాలుగు లక్షల బండి, ఐదు లక్షల దాకా ఊళ్ళోనే తిప్పుతూ దాని తీరు గమనించాక దూరం పోవడం మంచిదని నా అభిప్రాయం.

ఆయిగెన్

•

హెస్లాఖ్
జులై 12

ఆయిగెన్,

వారానికి పాతిక కిలోమీటర్ల చొప్పున ఐదు లక్షలు కావాలంటే అరవై ఎనిమిదేళ్ళు పడుతుందని ఫ్లైడరర్ గారు లెక్కగట్టారు. అప్పటికి నాకు నూట నలభై నాలుగు.

తనిఖీలో నెగ్గాం. ఒక్క లోపం లేదు. ఆ అధికారి మూత ఎత్తి వాసన చూశాడు. ఇంజన్ నుంచి మెట్లు తుడిచే నిమ్మకాయ సబ్బు వాసన వస్తోంది.

"ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటిది చూళ్ళేదమ్మా. దీని మీద అన్నం పెట్టుకు తినొచ్చు."

"ఎవరి వారంలో?" అంది ఐసెల్.

బేరింగులు బాగున్నాయి. రబ్బర్లు బాగున్నాయి. తెర మోటారు చచ్చిపోయింది, నేనొక పాత టేబుల్ గుడ్డ కుట్టి తగిలించాను. ఇంక నీ దగ్గర ఏముంది? ఫిబ్రవరి నుంచీ నువ్వు రాసే జాబితా పెరుగుతూనే ఉంది. ఒకటి చేస్తే ఇంకోటి. మొదట్లో నీ జాగ్రత్త అనుకున్నాను. అది బండి జాబితా కాదురా. నన్ను రానివ్వకుండా ఉండడానికి నువ్వు వేస్తున్న ఎత్తు.

నిజం నేనూ చెప్తాను. మా వీధిలోనే ముగ్గురు మెకానిక్కులున్నారు. ఆయిల్ సంగతి అడగడానికి నాకు సముద్రం అవతల మనిషి అక్కర్లేదు. నీకు రాయడానికి ఏదో ఒక వంక కావాలి. పదకొండేళ్ళూ వెతికితే ఆ దేవుడు ఈ కారు పడేశాడు.

నేనంటే ఇంకా కోపమైతే రావద్దని రాయి. మానేస్తాను. కానీ బేరింగుల మీద పెట్టి చెప్పకు.

హెడ్విగ్

•

యూస్ట్ దీవి
ఆగస్టు 6

అక్కా,

కోపం కాదు. కోపమైతే ఇంత కష్టం ఉండేది కాదు. నువ్వు ఇక్కడికి రాలేవు. ఎందుకంటే ఇక్కడ నువ్వు చనిపోయావు.

పడవ దిగిన మొదటి వారం. టాలెయా అనే ఆవిడ నాకు టీ పోస్తూ, "నీకెవ్వరూ లేరా అయ్యా?" అని అడిగింది. నువ్వన్న మాట అప్పటికి ఇంకా చెవుల్లో మోగుతోంది. "ఒక అక్క ఉండేది, పోయింది" అన్నాను. కోపంతో అన్నాను. సాయంత్రానికి పోయే కోపం. ఆవిడ టీ కెటిల్ కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అప్పుడు "లేదండీ, బతికే ఉంది, మెట్లు ఊడుస్తోంది" అని ఎలా చెప్పను?

రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ఈలోగా పాస్టరుగారు చర్చిలో నీ పేరు చదివారు. ఏటా జనవరిలో టాలెయా నీ పేరు మీద కేకు చేస్తుంది, అందరూ వచ్చి మూడేసి కప్పులు టీ తాగి, నువ్వెంత మంచిదానివో చెప్పమని నన్ను అడుగుతారు. పదకొండేళ్ళుగా చెబుతున్నాను. చెప్పీ చెప్పీ నాకే నువ్వు గుర్తొచ్చి ఏడుపొస్తుంది, వాళ్ళు నన్ను ఓదారుస్తారు. మూడేళ్ళ కిందట చందాలు పోగేసి ఇసుకదిబ్బల మీద నీ పేరున బెంచీ కూడా వేయించారు. ఇత్తడి పలక మీద నీ పేరుంది. వారానికోసారి దాన్ని నేనే తుడుస్తాను.

ఫిబ్రవరిలో నీ చేతిరాత చూసి సంతోషంతో చచ్చినంత పనైంది. చివర్లో వస్తానని చదివి నిజంగానే చచ్చాననుకున్నాను. అందుకే బేరింగులు.

తిట్టు. ఎంత తిట్టినా తక్కువే.

నీ తమ్ముడు

•

హెస్లాఖ్
ఆగస్టు 14

నేను ఏ జబ్బుతో పోయాను? వెంటనే రాయి.

హె.

•

యూస్ట్ దీవి
ఆగస్టు 21

అక్కా,

న్యుమోనియా. ఎలా వచ్చిందని వాళ్ళడిగారు. నా వంతు వారంలో నేను నిద్రపోతుంటే, నా బదులు నువ్వు మంచు తీయడానికి వెళ్ళి చలిలో తడిశావని చెప్పాను. అందుకే వాళ్ళకి నువ్వు దేవతవి. అందుకే నన్ను చూస్తే జాలి.

ఆ రోజు నేను మంచు తీయకపోవడానికి ఏ కారణమూ లేదక్కా. బద్ధకమేసి పడుకున్నాను, అంతే. నువ్వన్నదాంట్లో తప్పేమీ లేదు. వకీలుగారి చేయి విరగడం చూసి నాకు నా మీదే అసహ్యమేసింది, దాన్ని నీ మీదకి తోశాను.

ఇక్కడ ఎవరికీ ఇంకా చెప్పలేదు. రోజూ గుర్రానికి చెప్పి చూసుకుంటున్నాను. మనిషికి చెప్పే ధైర్యం వస్తుందో లేదో తెలియదు. అయినా రా. బండిలో ఇంక చేయించాల్సింది ఏమీ లేదు. నేను చెప్పిన వాటిలో సగం మొదటినుంచీ అక్కర్లేదు.

ఆయిగెన్

•

నోర్డ్‌డైఖ్ ఓడరేవు
సెప్టెంబరు 13

తమ్ముడూ,

పడవకి ఇంకా ముప్పావుగంట ఉంది. టికెట్ల గది పక్కన చెక్కపెట్టె మీద కూర్చుని రాస్తున్నాను.

ఐసెల్ నడిపింది. ఫ్లైడరర్ గారు ముందు కూర్చుని దారి పొడుగునా ఇంజను వేడి చూపే ముల్లు పైకి చదివారు. "తొంభై. తొంభై. ఇంకా తొంభై అమ్మా." నేను పీకి దాచిన ఫ్యూజుని ఆయన ఎప్పుడు మళ్ళీ పెట్టారో తెలియదు, కస్సెల్ ఊరు దాటాక నా సీటు పిసకడం మొదలుపెట్టి మరి ఆగలేదు. నాలుగు వందల కిలోమీటర్లు నన్ను రొట్టె పిండిలా పిసికింది. తుంటి నొప్పి మాత్రం మాయమైంది. బండి ఒక్క చుక్క ఆయిలు తాగలేదు, ఒక్క మూలుగు మూలగలేదు. మీరిద్దరూ కలిసినా ఇంత బాగా నడవలేరని ఐసెల్ మాస్టారినీ నన్నూ కలిపి అంది. ఈ వారం పలక ఆమెది కాబట్టి పలకని కూడా వెంట తెచ్చుకుంది. ఇప్పుడు రేవు దగ్గర బండి మీద పడిన ఉప్పుగాలిని తుడుస్తోంది. రేపు మాస్టారితో కలిసి పడవలో నీ పుట్టినరోజుకి వచ్చి, తర్వాత నన్ను తీసుకెళ్తుందట.

దారంతా నీకు ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. బతికుండగానే నన్ను పాతిపెట్టినందుకు నాలుగు దులిపేద్దామని సగం దూరం, నేనన్న మాటకి క్షమించమని అడుగుదామని సగం దూరం. ఏదీ కుదరలేదు. టికెట్లాయన, నీ వయసువాడే, అద్దంలోంచి చూసి పలకరించాడు.

"ఎవరింటికమ్మా?"

"గుర్రబ్బళ్ళ ఆయిగెన్ ఇంటికి."

"అయ్యో పాపం, బంగారంలాంటి మనిషి. అక్క పోయిన దగ్గర్నుంచీ ఒంటరివాడైపోయాడు. ఆవిడ గురించి చెబుతుంటే మాకే కళ్ళు చెమరుస్తాయి. మీరేమవుతారు?"

ఆ పోయినదాన్ని నేనేనయ్యా అందామని నోరు తెరిచాను. ఆ మాట చెప్పాల్సింది నువ్వు, నేను కాదు. నీకు ధైర్యం చాలేదాకా పక్కన కూర్చుంటాను.

"పరామర్శకి వెళ్తున్నాను" అన్నాను.

"పరామర్శకా? ఇన్నేళ్ళకా?"

"అవునయ్యా. ఆలస్యమైపోయింది."

పడవ వచ్చింది. ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, చేతికే ఇస్తాను.

అక్క